గాలిలో ఆగిన సిపాయి

ముందు రాతి సిపాయి చెంప మీద రక్తం పడింది. ఆ తర్వాత ఉలిస్సే పడ్డాడు.

నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. నా పేరు ఎజీదియో, రాతి మీద అక్షరాలు చెక్కేవాణ్ణి. ఈ హాల్లో ముందు వరసలో కూర్చున్న కుర్రాళ్ళు అప్పటికి పలకా బలపం పట్టుకుని తిరుగుతున్నారు. కాలేజీ నుంచి కూడా కొందరు వచ్చారట, సంతోషం. ఆ పుస్తకాలు కాసేపు మూసి వినండి. నా గొంతు పెద్దగా లేవదు, మధ్యలో దగ్గొస్తుంది. ఆగితే అయిపోయిందనుకుని లేచిపోకండి.

1911 ఫిబ్రవరి, సోమవారం పొద్దున. బయట మోకాలి లోతు మంచు. డ్రూరీ షెడ్డులో నూట నలభై ముగ్గురం పనిచేస్తున్నాం. వేడి బయటికి పోతే బొగ్గు దండగని కిటికీలన్నిటికీ మేకులు కొట్టించాడు యజమాని డ్రూరీ. లోపల దంచుడు మిషను ఆడుతోంది. దాని అసలు పేరు ఇంకేదో ఉంది, మేం పెట్టుకున్న పేరు అదే. గాలి ఒత్తిడితో నడుస్తుంది, రాతి మీద ఊపిరి సలపకుండా దెబ్బలు వేస్తుంది. నలుగురు వారం రోజులు సుత్తులతో చదును చేసే పలకని ఒక్క పూటలో చదును చేసి పడేస్తుంది. ఆ ఒక్క పూటలో లేచే దుమ్ముకి మూడు గజాల అవతల మనిషి కనపడడు. అందులోనే పీల్చాలి, మధ్యాహ్నం అందులోనే కూర్చుని రొట్టె తినాలి.

ఉలిస్సే మా అందరిలోకీ గొప్ప పనివాడు. ఇటలీలో కర్రారా కొండల దగ్గర తాతల నాటి నుంచీ శిల్పుల వంశం. చనిపోయిన పిల్లల మొహాలు అతను సమాధిరాళ్ళ మీద చెక్కితే తల్లులు ఆ బుగ్గలు తడిమి చూసుకునేవాళ్ళు. ఆ రోజు రాతి సిపాయికి ఎడమ కన్ను చెక్కి తెరుస్తున్నాడు. దగ్గాడు. రెండోసారి దగ్గేసరికి గుప్పెడు రక్తం రాతి చెంప మీద పడింది. మూడోసారి మనిషే కూలిపోయాడు.

"నీళ్ళు! నీళ్ళు! పరిగెత్తండ్రా!" అంటూ డ్రూరీ ఆఫీసు గదిలోంచి ఉరికొచ్చాడు. అబ్బో, వీడికీ గుండె ఉందే అనుకున్నాను, ఒట్టు. బకెట్టు వచ్చింది. డ్రూరీ దాన్ని లాక్కుని నీళ్ళన్నీ రాతి సిపాయి మొహం మీద పోశాడు.

"రుద్దండి! గ్రానైటులోకి నెత్తురు ఇంకితే మరక పోదు!" అని అరిచాడు. ఆ మురికినీళ్ళు కింద పడి ఉన్న ఉలిస్సే మెడ మీద కారుతున్నాయి. ఈ చెవులతో విన్నాను, ఈ కళ్ళతో చూశాను. అప్పుడు మిషను ఆగిపోయింది.

"ఎవడ్రా ఆపింది?"

"నేనే," అన్నాడు వాటీ గెడ్డెస్. స్కాట్లాండు వాడు, మా యూనియన్ కార్యదర్శి. రూల్సు పుస్తకం జేబులో లేకుండా చర్చికి కూడా వెళ్ళేవాడు కాదు. "మనిషి పడిపోయాడండీ."

"పడితే బయటికి మొయ్యండి. మిషనెందుకు ఆపాలి?"

నలుగురం కలిసి ఉలిస్సేని చెక్కబల్ల మీద పడుకోబెట్టి మంచులోంచి ఇంటికి మోసుకెళ్ళాం. దారిలో అతను ఒక్కటే మాట అన్నాడు. "కన్ను సగమే తెరిచాను రా."

ఆ సిపాయి హార్లో క్రీక్ యుద్ధభూమిలో నిలబడాల్సినవాడు. బానిసత్వం ఉండాలా పోవాలా అని ఈ దేశం రెండుగా చీలి కొట్టుకున్న రోజుల్లో మా కొండల్లోంచి ఒక రెజిమెంటు వెళ్ళింది. అందులో రెండు వందల పన్నెండు మంది తిరిగి రాలేదు. వాళ్ళకి స్మారకం కట్టాలని రాష్ట్రం తలపెట్టింది. పదహారడుగుల దిమ్మె, దాని మీద తొమ్మిదడుగుల సిపాయి, అంతా గ్రానైటే. దిమ్మె మీద ఆ పేర్లన్నీ చెక్కింది నేనే. మే ముప్పయ్యిన గవర్నరు వచ్చి ప్రారంభించాలి, ఆ తేదీ దాటితే డ్రూరీ కాంట్రాక్టు రద్దు. అందుకే ఆ మిషను, అందుకే ఆ తొందర.

ఆ సాయంత్రం మీటింగు ఇదిగో ఈ హాల్లోనే జరిగింది. మొదటి అరగంటా తన్నుకోవడంతో సరిపోయింది. మా ఇటలీ వాళ్ళలో సగం మంది అనార్కిస్టులు, ఎవడి పెత్తనమూ ఒప్పుకోనివాళ్ళు, వాళ్ళకి అధ్యక్షుడంటే గిట్టదు. స్కాట్లాండు వాళ్ళకేమో అధ్యక్షుడు అనుమతి ఇవ్వకపోతే తుమ్ము కూడా రాదు.

"అధ్యక్షా, ఒక మనవి..." అని వాటీ లేచాడు.

"నీ అధ్యక్షుడి తలకాయ! పదండి, మిషను పగలగొట్టేద్దాం!" అని వెనక నుంచి మావాడొకడు.

"పగలగొడితే వారంలో ఇంకోటి కొంటాడు. నువ్వు జైల్లో కూర్చుంటావు, అది షెడ్డులో కూర్చుంటుంది," అన్నాడు వాటీ. "మిషనుకి దుమ్ము లాగే గొట్టం పెట్టొచ్చు. ఇంకో ఊళ్ళో నేను చూశాను. ఫ్యాను తిరుగుతుంటే దుమ్మంతా గొట్టంలోంచి బయటికి పోతుంది. మనం అడగాల్సింది అది. గొట్టం పెట్టేదాకా మిషను షెడ్డు బయట ఉండాలి. కాగితం మీద సంతకం కావాలి."

"అడుగుదాంలే, మే తర్వాత," అన్నాడొక స్కాట్లాండు పెద్దాయన. "ఇది అమరవీరుల రాయి. ఇప్పుడు పని ఆపితే దేశం మన మొహాన ఉమ్ముతుంది. ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళం, కాస్త అణిగి ఉండాలి."

చాలా తలలు ఊగాయి. నా తల కూడా ఊగింది, దాచడమెందుకు.

వెనక గోడ దగ్గర కాఫీ కాస్తున్న ఎర్సీలియా గరిటె ఠపీమని పెట్టి ముందుకొచ్చింది. ఉలిస్సే భార్య. వాళ్ళింట్లోనే నేనూ ఇంకో ఐదుగురూ అద్దెకుండి తినేవాళ్ళం. ఆడవాళ్ళకి మీటింగులో మాట్లాడే హక్కు లేదు. వాటీ చెయ్యి రూల్సు పుస్తకం మీదికి పోయింది.

"తియ్యకు వాటీ, అది తీశావంటే పొయ్యిలో పెడతా," అంది. "మే తర్వాత అడుగుతారా? మే తర్వాత డ్రూరీకి మీతో పనేముందిరా? ఇవాళ వాడికి మీరు కావాలి, ఇవాళే అడగండి. నా మొగుడి చొక్కా ఉతికితే నీళ్ళు పాలలాగా తెల్లగా వస్తాయి. ప్రతి ఆదివారం ఉతుకుతున్నా. మీ ఇళ్ళల్లో కూడా అంతేగా? చొక్కాలు మేం ఉతుకుతాం. లోపల ఊపిరితిత్తులు ఎవరుతుకుతారు?"

 మాలో ఎప్పుడూ అక్కడొకడు ఇక్కడొకడు దగ్గుతూనే ఉంటాడు. ఆ రోజు ఆ దగ్గులే వినిపించాయి. తర్వాత చేతులెత్తమన్నారు. ఎత్తని చెయ్యి లేదు.

మర్నాడు పొద్దున మా ఉలులూ సుత్తులూ మూటలు కట్టుకుని బయటికొచ్చేశాం. ఇక్కడే ఒక తప్పు చేశాం. ఉలిస్సే ఉలులు అతని బల్ల మీదే ఉండిపోయాయి. ప్రతివాడూ ఇంకొకడు తెచ్చుంటాడనుకున్నాడు. డ్రూరీ గేటుకి తాళం వేశాడు.

పత్రికలు మొదలుపెట్టాయి. 'విదేశీయులు అమరవీరుల్ని బందీ చేశారు' అని మొదటి పేజీలో. కిరాణా కొట్టువాడు నా మొహం చూడ్డం మానేశాడు. మేం గేటు ముందు మంట వేసుకుని నిలబడ్డాం, వంతులవారీగా, మూడు వారాలు.

నాలుగో వారంలో డ్రూరీ ఉలిస్సే ఇంటికొచ్చాడు. నేను వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను, తలుపు తీసే ఉంది, లోపలి గదిలో ఉలిస్సే మంచం కనిపిస్తూనే ఉంది. ఎర్సీలియా పొయ్యి మీద మొక్కజొన్న సంకటి కలుపుతోంది. డ్రూరీ టోపీ తీసి మరీ మంచం పక్కన కూర్చున్నాడు.

"ఉలిస్సే, నీకు వేరే గది కట్టిస్తాను," అన్నాడు. "పెద్ద కిటికీ, మంచి గాలి, దుమ్మన్నదే ఉండదు. నువ్వొక్కడివే. డాక్టరు ఖర్చు నాది. ఆ మొహం పూర్తి చెయ్యి, చాలు."

"ఎంత పెద్ద గది కట్టిస్తారు?"

"నీకెంత కావాలంటే అంత."

"నూట నలభై ముగ్గురు పట్టాలండీ."

డ్రూరీ నవ్వాడు. "నువ్వు కళాకారుడివయ్యా. ఆ బండలు కొట్టేవాళ్ళతో నీకేమిటి?"

"దుమ్ము లోపలికి పోయేటప్పుడు నువ్వు కళాకారుడివా, బండలు కొట్టేవాడివా అని అడగలేదండీ," అన్నాడు ఉలిస్సే. అంతమాట అనేసరికి ఆయాసమొచ్చి గోడవైపు తిరిగిపోయాడు.

డ్రూరీ వెళ్ళాడు. తలుపు మూసుకోగానే ఎర్సీలియా విరుచుకుపడింది. హాల్లో అంత మాట్లాడిన మనిషి, ఇంట్లో వేరే మనిషి. "ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది? మంచి గాలి అన్నాడు! డాక్టరన్నాడు! వాళ్ళందరి కోసం నువ్వొక్కడివే చావాలా? నేనేమైపోవాలి?" అని సంకటి గరిటె గోడకేసి కొట్టింది. గోడంతా పచ్చగా మరకలు.

"ఏమే, ఇలా రా," అన్నాడు ఉలిస్సే. "నా పని అయిపోయింది. నీకూ తెలుసు. ఆ గదిలో ఉంటే ఇంకో నెల. ఆ నెల కోసం వీణ్ణి అమ్మమంటావా?" వీణ్ణి అంటే నన్ను. నా వైపు వేలు చూపించాడు. నాకు ఏడుపాగలేదు. ఉల్లిపాయల మీదికి నెట్టేశాను. ఎర్సీలియా గోడ తుడిచింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మా కర్రారా శిల్పుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఒకడు మొదలుపెట్టిన మొహం మీద ఇంకొకడు ఉలి పెట్టడు. పెట్టాలంటే మొదటివాడు తన ఉలిని తన చేత్తో ఇవ్వాలి. చచ్చిపోతే పెళ్ళాం ఇవ్వాలి. తీసుకున్నవాడు వచ్చే ఆదివారం రొట్టే, వైనూ పట్టుకుని ఆ ఇంటికెళ్ళి కృతజ్ఞత చెప్పాలి, ఆ మొహం ఎలా అనుకున్నాడో అడిగి తెలుసుకోవాలి. డ్రూరీకి ఇందులో మొదటి సగమే తెలుసు. ఉలి ఇస్తే చాలని ఎవరో చెప్పారు. రెండో సగం ఎవరూ చెప్పలేదు.

మార్చి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. ఎర్సీలియా తీసింది. గుమ్మంలో ముప్పై ఏళ్ళ మనిషి, నల్లకోటు, చంకలో రొట్టె, చేతిలో వైను సీసా. టోపీ తీసి తల వంచాడు.

"అమ్మా, నా పేరు ఫెర్రూచ్చో. న్యూయార్కు నుంచి వచ్చాను. మీ ఆయన ఆత్మకి శాంతి కలగాలి. ఆయన ఉలులు నాకిమ్మని మీరు చెప్పారట, మీ మేలు మరిచిపోను."

 లోపలి గదిలోంచి ఉలిస్సే కేక వేశాడు. "ఎవరే అది? నా ఆత్మంటాడేమిటి?"

ఆ ఫెర్రూచ్చో చేతిలో సీసా జారిపోయేదే, నేను పట్టుకోబట్టి ఆగింది. లోపలికెళ్ళి మంచం మీద ఉన్న మనిషిని చూశాడు. పాలిపోయి కుర్చీలో కూలబడ్డాడు.

"మీరు చచ్చిపోయారన్నాడు డ్రూరీ. షెడ్డులో అందరికీ జ్వరాలు, అందుకే ఖాళీగా ఉందన్నాడు. నన్ను వెనక గేటు నుంచి తీసుకెళ్ళాడు, అక్కడే పడక," అన్నాడు. "నిన్న బల్ల ముందు నిలబడ్డానన్నా. ఉలి చేతిలోకి తీసుకున్నాను. ముందు మీ ఇంటికొచ్చి అడగకుండా రాతి మీద పెట్టకూడదని కింద పెట్టేశాను. ఒక్క దెబ్బ వెయ్యలేదు, మా అమ్మ మీద ఒట్టు."

ఉలిస్సే చాలాసేపు నవ్వాడు. దగ్గుతూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. "వైను పొయ్యవే. నా దినానికి నేనే తాగుతాను," అన్నాడు.

"మొహం ఎలా అనుకున్నారన్నా?" అని అడిగాడు ఫెర్రూచ్చో. అలవాటు కొద్దీ అడిగేశాడు పాపం.

"బతికి తిరిగొద్దామనుకున్నవాడి మొహం," అన్నాడు ఉలిస్సే. "వద్దులే. అలాగే ఉండనీ. ఎవ్వరూ పూర్తి చెయ్యొద్దు."

ఆ సాయంత్రమే ఫెర్రూచ్చో వెనక గేటు నుంచి వెళ్ళి ముందు గేటు నుంచి వచ్చాడు, ఉలిస్సే ఉలుల మూట భుజాన వేసుకుని. మంట చుట్టూ ఉన్న మేం వాణ్ణి భుజాల మీదికెత్తుకున్నాం. డ్రూరీ ఆరు రాష్ట్రాల్లో వెతికాడు. రొట్టె సంగతి అప్పటికే ఊరూరా పాకింది. ఒక్క శిల్పి రాలేదు.

ఉలిస్సే ఏప్రిల్ పదకొండున పోయాడు. నలభై ఒక్క ఏళ్ళు. పాదిరి లేడు, గంటల్లేవు, అతనికి అవి వద్దు. ఎర్రజెండాలు పట్టుకుని ఊరంతా నడిచాం. షెడ్డు ముందుకి రాగానే అందరం ఆగాం. కిటికీ వెనక డ్రూరీ నిలబడి చూస్తున్నాడు. ఎవరూ తిట్టలేదు, రాయి వెయ్యలేదు. పది నిమిషాలు ఊరికే నిలబడి వాడివైపు చూశాం. వాడు తెర లాగేసుకున్నాడు. నాకు ఆ రోజు వాణ్ణి చంపాలనిపించింది. ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అది జరిగిన మూడో రోజున ఈ హాల్లోకి ఒక ముసలాయన కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. నీలం కోటు, రొమ్ము మీద పతకం. పేరు ఎజ్రా హోల్‌బ్రుక్. ఆ రెజిమెంటులో పోరాడి ఇంకా బతికున్నవాళ్ళు పదకొండు మంది. స్మారకం కమిటీ అంటే వాళ్ళే. ఈయన వాళ్ళ పెద్ద, కొండ అవతల ఆవులు కాసుకునే రైతు.

"మీలో పెద్దవాడెవడు?" అని గద్దించాడు.

"మాలో పెద్దలుండరు," అన్నాడొక అనార్కిస్టు.

"నేనండీ," అన్నాడు వాటీ.

"మా పిల్లల్ని తాకట్టు పెట్టుకున్నారు మీరు! రెండు వందల పన్నెండు మందిరా! వాళ్ళు దేశం కోసం చచ్చారు. మీకొక గొట్టం కావాలని వాళ్ళ రాయి ఆపుతారా? సిగ్గులేదూ?"

మావాళ్ళు లేవబోయారు. ఎర్సీలియా అడ్డం వచ్చింది. నల్లబట్టల్లో ఉంది. "కూర్చో తాతా," అంది. "కాఫీ తాగు. ఆ పిల్లలు ఎలా చచ్చిపోయారో చెప్పు."

"హార్లో క్రీక్‌లో..."

"అందరూనా?"

ముసలాయన గ్లాసు అందుకుని ఒక గుటక తాగాడు. నాకు ఆ పేర్లన్నీ తెలుసు. రెండు నెలలు వాటితోనే బతికాను. "బార్నబస్ క్లాఫ్," అన్నాను. "మొదటి పలక మీద పైన ఉన్నవాడు. తూటా తగిలిందా?"

"బార్నీనా? కాదు. విరేచనాలు. గుడారంలో." కర్ర పక్కన పెట్టాడు. "హార్లో క్రీక్‌లో పడింది అరవై ఒక్క మంది. మిగతావాళ్ళు శిబిరంలోనే పోయారు. పురుగులు పట్టిన మాంసం పంపాడు కాంట్రాక్టరు. అట్టముక్కలు పెట్టి కుట్టిన బూట్లు పంపాడు, వానకి రెండో రోజుకే ఊడిపోయాయి. గుడారం గుడ్డలోంచి చుక్కలు కనపడేవి. చలికి జ్వరాలు, దగ్గు. బార్నీ నా చేతుల్లోనే..." గ్లాసు కింద పెట్టాడు. "మా రెజిమెంటుని తూటా కంటే కాంట్రాక్టరే ఎక్కువ మందిని చంపాడమ్మా. ఆ సంగతి ఏ రాయి మీదా రాయరు."

"మా ఆయన్నీ వాడే చంపాడు తాతా," అంది ఎర్సీలియా.

ఆయన అప్పుడు చూశాడు ఆమె నల్లబట్టల్ని. కర్ర తీసుకుని లేచాడు. వెళ్ళిపోతాడనుకున్నాం. ఆయన వాటీ దగ్గరికెళ్ళి, "ఆ కాగితమేదో చూపించు, సంతకం ఎక్కడ కావాలో," అన్నాడు.

డ్రూరీ మొండివాడు. మొహం పూర్తవకపోతేనేం, పాతికడుగుల ఎత్తున ఎవడు చూస్తాడు అన్నాడు. మే నెలలో సిపాయిని అలాగే పెట్టెలో పెట్టి హార్లో క్రీక్‌కి రైలెక్కించేశాడు. దిమ్మె ముందే అక్కడ నిలబెట్టారు. సిపాయిని పైకెత్తి దిమ్మె మీద దించడం గవర్నరు కళ్ళముందే జరగాలని ఏర్పాటు. ఎత్తే పని అక్కడి క్రేను పనివాళ్ళు ఎనమండుగురిది. వాటీ వారం ముందే వెళ్ళి వాళ్ళతో కూర్చుని మాట్లాడొచ్చాడు.

మేం వెళ్ళడమెలా? చేతిలో చిల్లిగవ్వ లేదు, దారి రెండు రోజులు. ఉత్సవానికి మా ఊరి ఇటాలియన్ బ్యాండుని పిలవాల్సింది ఎజ్రా తాత కమిటీయే. రైలు ఖర్చులిచ్చి పిలిచాడు. బ్యాండులో పద్దెనిమిది మంది ఉండేవాళ్ళు, ఆ ఏడు నలభై మంది అయ్యారు. నాకొక పెద్ద బాకా తగిలించారు. ఊపిరి ఆడనివాళ్ళందరికీ బాకాలు! రైల్లో మాకు మేమే పడీపడీ నవ్వుకున్నాం. తాళాలు పట్టుకుని ఎర్సీలియా కూర్చుంది.

మే ముప్పై. ఎండ. గడ్డి మైదానం నిండా జనం. గవర్నరు వేదిక మీద, పక్కన డ్రూరీ, కోటుకి తెల్లపువ్వు. మావాళ్ళలో వాయించగలిగినవాళ్ళు వాయించారు, మిగతావాళ్ళం బుగ్గలు ఉబ్బించాం. క్రేను కదిలింది. నాలుగు టన్నుల సిపాయి గొలుసుల మీద పైకి లేచాడు. లేచి, తిరిగి, దిమ్మెకి సరిగ్గా రెండడుగుల పైకి వచ్చి ఆగాడు. ఎనమండుగురూ చక్రానికి అడ్డుకర్ర వేసి చేతులు కట్టుకున్నారు.

బ్యాండు ఆగింది. గవర్నరు మెడ పైకెత్తి చూస్తున్నాడు.

"దించండి!" అన్నాడు డ్రూరీ.

"కాగితం మీద సంతకం పెడితే దించుతాం," అన్నాడు క్రేను మేస్త్రీ. వాటీ కాగితం పట్టుకుని ముందుకొచ్చాడు, టోపీ తీసి, ఎంతో మర్యాదగా.

"షెరీఫ్! వీళ్ళని పట్టుకోండి!"

షెరీఫ్ వచ్చి ఎనమండుగురికీ బేడీలు వేశాడు. వాళ్ళు కిక్కురుమనకుండా చేతులు చాపారు. ఇంక దించేదెవరు? డ్రూరీ తన గుమాస్తాల వైపు చూశాడు. గుమాస్తాలు పైన వేలాడుతున్న రాతి వైపు చూశారు. చేతకానివాడు కర్ర తీస్తే సిపాయి వచ్చి గవర్నరు ఒళ్ళో కూర్చుంటాడు.

"మాకు వచ్చండీ ఆ పని," అని బ్యాండులోంచి ఎనమండుగురం లేచాం. బాకాలు గడ్డి మీద పెట్టి వరసగా క్రేను దగ్గరికెళ్ళాం. డ్రూరీ మొహం వెలిగింది. మేం చక్రం చుట్టూ నిలబడి చేతులు కట్టుకున్నాం.

మమ్మల్నీ పట్టుకున్నారు. నాతోనే బేడీలు అయిపోయాయి. వేదిక చుట్టూ కట్టిన జెండా తాళ్ళు విప్పి మిగతావాళ్ళ చేతులు కట్టారు. మేం ఇంకా పక్కకి జరగకముందే ఇంకో ఎనమండుగురు వచ్చి నిలబడ్డారు. అందులో ఎర్సీలియా.

"ఆడదానివి, క్రేను దగ్గర నీకేం పని?" అన్నాడు షెరీఫ్.

"చేతులు కట్టుకోవడానికి మగాడే కావాలా?" అంది.

జనం గొల్లుమన్నారు. అప్పటిదాకా మమ్మల్ని తిడుతున్నవాళ్ళే ఎక్కువ. ఆ నవ్వుతో ఏదో తిరిగింది. నాలుగో ఎనిమిది, ఐదో ఎనిమిది, ఆరో ఎనిమిది. బ్యాండు మొత్తం అయిపోయింది. గడ్డి మీద నలభై వాయిద్యాలు పడి ఉన్నాయి. షెరీఫ్ చొక్కా తడిసి ముద్దయింది.

"అయిపోయారా?" అన్నాడు డ్రూరీ.

ఎజ్రా తాత కుర్చీలోంచి లేచాడు. వెనకే ఇంకో ఏడుగురు ముసలివాళ్ళు, నీలం కోట్లతో. ఒకాయనకి ఒక చెయ్యే ఉంది. నడిచొచ్చి చక్రం చుట్టూ నిలబడ్డారు. ఒంటిచెయ్యి ఆయన ఆ చేతిని గుండె మీద పెట్టుకున్నాడు.

"కెప్టెన్‌గారూ, మీరు పక్కకి తప్పుకోండి, దయచేసి," అన్నాడు షెరీఫ్.

"కెప్టెన్ని కాదు బాబూ, సిపాయినే. కెప్టెన్లందరికీ ఎప్పుడో విగ్రహాలు పెట్టారు," అన్నాడు తాత. "కట్టు. యాభై ఏళ్ళ కిందట కాంట్రాక్టరు బూట్లు పంపితే నోరుమూసుకుని తొడుక్కున్నాం. ఇవాళ మూసుకోను."

షెరీఫ్ చేతిలో తాడు ఉంది. ముసలాయన మణికట్లు ముందుకు చాచి ఉన్నాయి. పైన నాలుగు టన్నుల రాయి, సగం కన్నుతో, గాలికి కొంచెం కొంచెం ఊగుతోంది. షెరీఫ్ తాడు గడ్డి మీద పడేశాడు. "నా వల్ల కాదు," అన్నాడు.

అప్పుడు జనంలోంచి మొదలైంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. "సంతకం! సంతకం!" ఆడవాళ్ళు, రైతులు, గొడుగు పట్టుకుని వచ్చిన టీచర్లు. గవర్నరు డ్రూరీ చెవిలో ఏదో అన్నాడు. డ్రూరీ మా పెద్ద డప్పు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. తెల్లపువ్వు రాలి డప్పు మీద పడింది. క్రేను పనివాళ్ళ బేడీలు విప్పారు. వాళ్ళు సిపాయిని దూదిలా దించారు. మాకు మాత్రం పద్దెనిమిది రోజులు జైలు వేశారు. పన్నెండు మంది పట్టే జైల్లో నలభై మందిమి, ఒకడు పడుకుంటే ఇంకొకడు నిలబడి. వేస్తే వేశారు.

జూన్‌లో డ్రూరీ షెడ్డుకి గొట్టం వచ్చింది. ఫ్యాను తిరుగుతుంటే దుమ్ము ఒక చారలా గొట్టంలోకి పోతుంది, చూస్తే కడుపు నిండుతుంది. అందులో పనిచేస్తున్నవాళ్ళు పదకొండేళ్ళుగా దగ్గడం లేదు. నేను అప్పటికే మింగాల్సిందంతా మింగేశాను, నా సంగతి వదిలెయ్యండి.

కానీ ఈ ఊళ్ళో ఇవాళ ముప్పై షెడ్లున్నాయి. ఇరవై రెండింట్లో గొట్టం లేదు. కింది వీధి షెడ్డువాళ్ళు నిన్న కిటికీలకి మేకులు కొట్టించారు, మీరూ విన్నారు ఆ చప్పుడు. రేపు పొద్దున ఏడింటికి ఆ గేటు ముందు నిలబడబోతున్నాం. షెరీఫ్ వస్తాడు. మన ఊరివాడు హార్లో క్రీక్ షెరీఫ్ లాంటివాడు కాదు, తాడు పడెయ్యడు. మొదటి ఎనమండుగుర్నీ తీసుకుపోతాడు.

అందులో ఒకణ్ణి నేను. ఇంకా ఏడుగురు కావాలి.